గుంజొద్దు, పిలువు

నైజాం రోజుల్లో ఒక మధ్యాహ్నం గద్వాల స్టేషన్లో రైలు కోసం కూర్చున్నాను. ఒళ్ళో ఆరు నెలల కూతురు. పుట్టినప్పటినుంచీ దాని తల కుడి భుజం మీదికి వాలి, ముఖం ఎడమకే తిరిగి ఉండేది. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం నాడు నేను మెడ తిప్పి చూసినందుకే ఇట్లా అయిందని మా అత్త అనేది. మొదట్లో ఏడ్చాను. తర్వాత ఆ మాట వినబడినా ఏమీ అనిపించేది కాదు. మంత్రసాని రోజూ నూనె రాసి మెడ గుంజేది. పిల్ల కెవ్వుమనేది. నేను గోడను చూస్తూ కూర్చునేదాన్ని.

పక్కన చీరల మూటతో ఒక నేతామె కూర్చుని ఉంది. వేళ్ళకు రంగు అంటి ఉంది. చాలాసేపు పిల్లను చూసి అడిగింది.

"మెడ గుంజుతున్నరా, బిడ్డా?"

"ఔనమ్మా. మంత్రసాని గుంజుతది."

"చిక్కువడ్డ పోగును గుంజితె తెగుతది. జర సడలనియ్యాలె. గుంజొద్దు, పిలువు."

ఆమె లేచి పిల్లకు కుడిపక్కన కూర్చుంది. మెడను ముట్టలేదు. చేతి గాజులు మెల్లగా గలగలలాడించింది. ముందు పిల్ల కళ్ళు అటు తిరిగాయి. తర్వాత గడ్డం, అంగుళమంత. ఏడవలేదు.

"రోజు గిట్లనే పిలువు," అంది.

ఆమె ఎక్కాల్సిన రైలు ముందు వచ్చింది. నేను పేరైనా అడగలేదు. సంతోషం కూడా కలగలేదు. నా చేతులు చూసుకున్నాను. రెండు చేతుల నిండా గాజులున్నాయి. మంత్రసాని మెడ గుంజుతున్నంతసేపూ వాటిని చప్పుడు కానివ్వకుండా పట్టుకుని కూర్చున్నది నేనే.