రంగు కింద గోడ

కువైట్ నుంచి వచ్చేసి, కొత్తపేటలో మా ఇల్లు అమ్మకానికి పెట్టాను. నా భార్య పోయాక రెండేళ్లు తాళం వేసి ఉన్న ఇల్లు. పడకగది గోడ చెమ్మకు నల్లగా బూజు పట్టింది. ఒక్కడినే రెండు రోజులు రుద్ది, పైన రంగు వేసేశాను.

ఇల్లు చూడడానికి భార్యాభర్తలు వచ్చారు. ఆవిడ నిండు గర్భిణి. "ఈ గది పుట్టబోయే బిడ్డకి బాగుంటుందండీ," అంటూనే దగ్గింది.

నేను కువైట్లో ఉన్నప్పుడు నా భార్య ఫోన్లో అలాగే దగ్గేది. "గోడ చెమ్మకండీ, ఏం పర్లేదు," అనేది. నేను నమ్మేసి ఊరుకున్నాను.

"బయటికి వచ్చేయమ్మా. రంగు కింద బూజు ఉందండి, నేనే దాచేను," అన్నాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

వాళ్లు వెళ్లిపోయారు. మర్నాడే మేస్త్రీని పిలిచి గోడ ప్లాస్టరింగంతా ఊడగొట్టించాను. నా భార్య ఉండగా చేయించాల్సిన పని ఇది. ఆ మాట చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరూ లేక మీకు రాస్తున్నాను.