జపాను కోటలో బోణీ బేరం

ఆ రోజుల్లో నాకు రెండు రాజ్యాలుండేవి. ఒకటి కోయిలకుంట్ల బజారులో మా నాయన బట్టల అంగడి, రెండోది మా జతగాడి ఇంటి టీవీలో ఉండే జపాను దేశం. మొదటిదానికి నేను వారసుణ్ణి, రెండోదానికి చక్రవర్తిని. మీసాలు సరిగా మొలవని వయసులో రెండు రాజ్యాలు ఏలడమంటే మాటలా? రెండు చోట్లా భయమే. అంగట్లో కూచుంటే ఇక బతుకంతా ఇంతేనేమోనని భయం, ఆటలో కూచుంటే నాయన వెతుక్కుంటూ వస్తాడేమోనని భయం.

అది సమురాయిల ఆట. సగం ఆటలో కత్తి పట్టుకుని శత్రువుల గుంపులో దూరి, అడ్డొచ్చినవాణ్ణల్లా నరుక్కుంటూ పోవాలి. ఆ పని మా జతగాడిది. (వాణ్ణి ఊరంతా బండోడు అనేవాళ్లు. రైతుల ఇంటి బిడ్డ. వాడి చేతిలో విరిగిన రిమోట్లతో ఒక గంప నిండేది.) మిగతా సగం రాజ్యపాలన. ఏ కోటకు ఎవణ్ణి పెట్టాలి, శిస్తు ఎంత వెయ్యాలి, బియ్యం ఎక్కడ దాచాలి, రాయబారికి ఏం జవాబు చెప్పాలి, ఇదంతా నా వంతు. మా ఇద్దరి జోడీకి కోయిలకుంట్లలో ఎదురు లేదు. (ఆడేదే మేమిద్దరం, ఎదురెక్కడినుంచి వస్తుంది!)

డిగ్రీ అయిపోయాక, ఇలాంటి ఆటలు తయారుచేసే చదువు బెంగుళూరులో ఉందని తెలిసింది. నాయనకు చెప్పాను. ఆయన చీర మడత పెడుతూనే విన్నాడు. "కర్నూల్లో మీ ఆటకేదో పోటీ పెట్టినారంట కదా. దాంట్లో గెలిస్తే బెంగుళూరు పో. ఓడిపోతే నోరు మూసుకోని అంగట్లో కూచో. మాటంటే మాటే" అన్నాడు. అంతటితో ఊరుకున్నాడా? "నేనూ వస్తా చూసేకి" అన్నాడు.

బస్సులో బండోడు నా వీపు మీద ఒక్కటి చరిచి, "ఏమప్పా, అట్ల వణుకుతాండావు? నేనుండా కదా!" అన్నాడు. నువ్వున్నావనేరా సగం భయం, అనుకున్నాను.

మొదటి పోటీలన్నీ ఒట్టి కత్తియుద్ధాలు. బండోడు ఊచకోత కోసి మమ్మల్ని ఫైనలుకు చేర్చాడు. ఫైనల్లో మాత్రం రాజ్యపాలన కూడా ఉంది. ఎదురుగా ఇద్దరు కడప పిల్లలు. నా వెనక కుర్చీలో, ఒళ్లో సంచి పెట్టుకుని నాయన. ఆయన ఊపిరి నా మెడకు తగులుతోంది. బెంగుళూరంతా నా బొటనవేలి కింద ఉందనుకుంటే ఆ వేలు చెమటకు జారిపోతోంది.

ఆట మొదలైందో లేదో, కడపవాళ్లు పంపిన ముసలి రాయబారి తెర మీదికి వచ్చి వంగి దండం పెట్టాడు. మీ కొట్లోని బియ్యమంతా సగం ధరకు ఇస్తారా అని అడిగాడు. ఇంగితం ఉన్నవాడెవడైనా శత్రువుకు బియ్యం అమ్ముతాడా? కానీ నేను పుట్టి పెరిగిన అంగట్లో పొద్దున్నే మెట్టెక్కిన మొదటి గిరాకీని ఉత్తచేతులతో పంపితే ఆ రోజంతా బేరాలుండవు. నష్టమైనా సరే బోణీ చేసి పంపాల్సిందే. నేను ఆలోచించేలోపే నా వేలు 'సరే' నొక్కేసింది. లోపల హమ్మయ్య అని కూడా అనిపించింది, చూడండి నా ఖర్మ!

యుద్ధం మొదలయ్యాక గానీ దెబ్బ తెలియలేదు. తిండిలేక మా సైన్యం గుంపులు గుంపులుగా పారిపోయింది. మైదానంలో బండోడి సమురాయి ఒక్కడే మిగిలాడు.

"మనోళ్లంతా యాడికి పోయినారురా? బియ్యం యాడ?"

"అమ్మేసినా."

"ఎవురికి?"

"వాళ్లకే."

బండోడు నన్ను చూసిన చూపుకు నేను ఇంకా బతికి ఉండటం దేవుడి దయ. పాపం వాడు చేతులు పడిపోయేదాకా నరికాడు. ఒక్కడు ఎంతమందిని నరుకుతాడు? ఓడిపోయాం.

బయట మెట్ల మీద కూలబడ్డాను. నాయన వచ్చి పక్కన కూచున్నాడు. "ఆ ముసలాయనకు బియ్యం ఎందుకిచ్చినావురా?" అన్నాడు. తిడతాడనుకుని, "ఫస్టు వచ్చినాడు కదా నాయనా, బోణీ" అని గొణిగాను.

ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, చిన్నపిల్లాడిలా నవ్వాడు. "నువ్వు గెలుస్తావేమో అని పొద్దున్నించి శానా భయపడినానురా. నువ్వు పోతే ఇంగ నాకెవురుండారు?" అన్నాడు.

నేను ఒక్కణ్ణే వణుకుతున్నాననుకున్నాను. ఆ మాటతో బెంగుళూరు చేజారిందన్న బాధా కడప పిల్లల మీది కోపమూ ఎటు పోయాయో తెలియదు. ఒకసారి బతిమాలితే ఆ రోజు ఆయన పంపేవాడేనని ఇప్పుడు అనిపిస్తుంది. కానీ ఆయన అంత హాయిగా నవ్వుతుంటే ఏమని అడగను? చక్రవర్తిగారు కళ్లు తుడుచుకుని, ఆయన చేతిలోని సంచి అందుకుని, బస్టాండు దారి పట్టారు.