చీర పన్నా ఉయ్యాల

మా వీధి చివరి వడ్రంగి దుకాణంలో వేప చెక్క కోసినప్పుడల్లా ఆ చేదు వాసన నేరుగా మా వంటింట్లోకి వచ్చేస్తుంది. ఇంట్లోవాళ్లు కిటికీ మూయమంటారు. నేను మూయను. ఆ వాసన వెంట మా మామగారు చెన్నప్ప వస్తారు మరి. ధర్మవరంలో పట్టుచీరలు నేసే మనిషి. కాస్త తీరిక దొరికితే ఉలి పట్టేవారు. ఇంట్లో ప్రతి ఒక్కరికీ ఆయన చేతి వస్తువు ఒకటుండేది. అత్తకు పోపులపెట్టె, మా ఆయనకు బొంగరం, మడకశిర నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన నాకు దువ్వెన. ఆ దువ్వెనతో చిక్కు కంటే జుట్టే ఎక్కువ ఊడేది. అయినా నేను దానితోనే దువ్వుకునేదాన్ని.

డెబ్బైల చివర్లో నేను మళ్లీ కడుపుతో ఉన్నాను. అంతకుముందు రెండు కాన్పులూ నిలవలేదు. ఆ భయంతో బిడ్డ కోసమని పాత గుడ్డపేలిక కూడా దాచుకోలేదు. పుట్టకముందే బిడ్డ సామాను ఇంట్లోకి రాకూడదని మా అత్త రంగమ్మ పట్టుదల. సరిగ్గా ఆ ఎండాకాలంలోనే మామ వేప చెక్క తెచ్చి వసారాలో చెక్కడం మొదలుపెట్టారు. పక్కింటి ఓబులేసు గోడ మీదుగా తొంగిచూశాడు.

"ఏమప్పా, ఏం చేస్తాండావు?"

"మగ్గం సామాను. పాతవి పుచ్చిపోయినాయి."

"మగ్గం సామానుకు యాడన్నా చిలకలు చెక్కుతారా?"

"నా మగ్గం, నా చిలకలు. నడుమ నీకేం నొప్పి?"

అత్తకూ అంతా వినపడింది. అయినా తనే రోజూ మధ్యాహ్నం కూర్చుని ఆ మగ్గం సామానుకు ఆముదం రుద్దేది. "చెక్క పగలకుండా" అనేది, నా వైపు చూడకుండా. ఇంటిల్లిపాదికీ తెలిసిన రహస్యం అది. నవ్వు ఆపుకోలేక నేను వంటింట్లోకి పారిపోయేదాన్ని. ఆ ఏడాది నేను నవ్వడం అప్పుడే మొదలైంది.

శ్రావణంలో అమ్మాయి పుట్టింది. ఏడుపుతో పేటంతా లేపింది. పురుడు వెళ్లాక మామ ముక్కలన్నీ నడింట్లో పరిచి ఒక్కొక్కటే బిగించారు. తీరా చూస్తే ఉయ్యాల పల్లకీ అంత అయి కూర్చుంది. అడ్డకర్రలన్నీ సరిగ్గా చీర పన్నా అంత, అంటే చీర వెడల్పంత ఉన్నాయి. గుమ్మం దాటించడానికి నలుగురు ప్రయత్నించి వదిలేశారు. ఓబులేసు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నేసీ నేసీ నీకు లోకమంతా చీర పన్నాలోనే కనపడతాండాది. కొలత తప్పినావప్పా!"

"తప్పితే తప్పినాలే. నీ మనవడిని గూడా తెచ్చి పండబెట్టు" అన్నారు మామ.

అతను నిజంగానే తెచ్చాడు. చూసి మిగతావాళ్లూ తెచ్చారు. మగ్గం మీద కూర్చోవాల్సిన తల్లులందరూ మా నడింట్లో బిడ్డల్ని వదిలిపోయేవాళ్లు. ఒకడు ఏడిస్తే అందరూ అందుకునేవాళ్లు. మా ఇల్లు అంత సందడిగా ఎప్పుడూ లేదు.

పాప బోర్లాపడే రోజుల్లో ఒకసారి మామ ఉయ్యాల ఊపుతుంటే అడిగాను.

"పోగు తేడా వస్తే పట్టుకుంటావు. నీకు కొలత తప్పడమేంది మామా?"

ఆయన తాడు లాగడం ఆపలేదు.

"తప్పలేదమ్మా. ఈసారి గూడా నిలవకుంటే, ఖాళీ తొట్టెల ఇంట్లో పెట్టుకోని నువ్వెట్ల తిరుగుతావు? ఆ కర్రలు మగ్గానికి బిగించేస్తే అయిపోతాది, నీ కంట పడవు. అందుకే మగ్గం కొలతకే కోసినా."

నాకు దుఃఖం పొంగుకొచ్చింది. పాప నిద్రలో నవ్వుతుంటే నేను కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. అంత సంతోషంగా మళ్లీ ఎప్పుడూ ఏడవలేదు. మన ఆశను చూసి ఏదో ఒకటి చేసిపెట్టేవాళ్లు చాలామందే దొరుకుతారు. ఆ ఆశ విరిగితే మనకు ఎక్కడ గుచ్చుకుంటుందో కూడా కొలిచిపెట్టిన మనిషి నాకు ఆయనొక్కరే. ఇవాళ్టికీ ఎవరికైనా ఏదైనా ఇవ్వబోతే ఆ రెండో కొలత తీసుకోవాలని చూస్తాను, ఆయనంత బాగా చేతకాకపోయినా.

ఓబులేసు మాత్రం చివరిదాకా ఆయన్ని "కొలత తప్పిన చెన్నప్పా" అనే పిలిచాడు. మామ నవ్వుతూ పలికేవారు.