తిన్నగా పట్టిన మణికట్టు

కుట్టుమిషన్ నూనె వాసన వస్తే నాకు అమ్మకంటే ముందు శారద మేడమ్ గుర్తొస్తారు. ఈ పొద్దున నాచారంలో మా కొట్టు తలుపు తీయగానే మళ్లీ గుర్తొచ్చారు. ఆమె ఫిజియోథెరపిస్టు. మొదటి రోజే ఆమెను మోసగత్తె అనుకున్నాను. నా బుద్ధే అంత, పాలాయన నవ్వినా నీళ్లు కలిపాడేమోనని చూస్తాను.

అమ్మ జాకెట్లు కుట్టేది. పక్షవాతంతో కుడి చేయి పడిపోయిన మూడో రోజు, ఉప్పల్‌లో ఆసుపత్రి మంచం అంచున ఆ చేయి కిందికి వేలాడి, ముడుచుకున్న వేళ్లు మెల్లగా విచ్చుకున్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది.

"సూడున్రి మేడమ్, అమ్మ మళ్ల కత్తెర పడతది!" అన్నాను.

మేడమ్ అమ్మ మణికట్టును తిన్నగా పట్టుకుని, "ఇప్పుడు తెరవండమ్మా" అన్నారు. వేళ్లు కదల్లేదు. మళ్లీ అడిగారు. ఊహూఁ.

"మణికట్టు వాలితే ఎవరి వేళ్లయినా వాటంతటవే విచ్చుకుంటాయమ్మా. భుజం కాస్త లేస్తోంది కాబట్టి గుడ్డను అదిమిపట్టేంత బలం రావచ్చు. కత్తెర మాత్రం కష్టం. నా మాట తప్పయితే నాకే సంతోషం. కానీ దానికోసం ఎదురుచూస్తూ కూర్చోకండి, ఎడమ చేతికి ఇవాళే నేర్పుదాం."

మూడు రోజులకే జాతకం చెప్పడానికి ఈమెవరు? భయపెట్టి నెలల తరబడి తన చుట్టూ తిప్పుకునే ఎత్తు అనుకున్నాను. నెల తిరగకుండా అమ్మను అంబర్‌పేట్‌లో పక్షవాతం నయం చేస్తాడని పేరున్న ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాను.

"ఫికర్ చేయకు చెల్లె, రెండు నెలల్ల అమ్మ మునుపటి లెక్కనే కుడ్తది. సూడు" అంటూ ఆయన అమ్మ మణికట్టును కిందికి వంచాడు. వేళ్లు విచ్చుకున్నాయి.

నాకు ఒళ్లు మండింది. ఆ మణికట్టు నేనే తిన్నగా పట్టి, "ఇప్పుడు తెరువమ్మా" అన్నాను. కదల్లేదు. ఆయన గడియారం చూసుకున్నాడు.

తిరుగు ఆటోలో అమ్మ నా ముఖం చూడకుండా అంది. "నాకు ఎర్కే బిడ్డా. దవాఖానల గూడ ఏళ్లు తెరుసుకుంటయని, భుజంతోని జరుపుకొని చెయ్యి నేనే ఏలాడేసిన. నువ్వు మస్తు ఏడుస్తుంటివి."

ఊళ్లో అందర్నీ అనుమానించాను గానీ అమ్మను అనుమానించాలని తట్టనే లేదు. మర్నాడు సిగ్గుతో మేడమ్ దగ్గరికి వెళ్తే ఆమె నిష్ఠూరమాడలేదు. ఎడమచేతి వాటం కత్తెర ఎక్కడ దొరుకుతుందో చెప్పారు, అంతే.

ఇప్పుడు అమ్మ ఎడమచేత్తో కత్తిరిస్తుంది, కుడి చేయి గుడ్డను అదిమి ఉంచుతుంది. మేడమ్ చెప్పినంతే వచ్చింది. ఇంకొంచెం ఎక్కువ చెప్పి ఉంటే ఎక్కువ వచ్చేదేమోనని ఆమె మీద నాకిప్పటికీ పిచ్చి కోపం. మరి చెయ్యి లాగుతోందా అని అడిగితే, అమ్మ "నాకేమైంది, మంచిగున్న" అంటుంది. నేను నమ్మను. పక్కన కూర్చుని, ఆ మణికట్టును తిన్నగా పట్టుకుని, మళ్లీ అడుగుతాను.