వీర్రాజు గారి నల్ల తెర

వీర్రాజు గారు మౌసు ముట్టరు. శనివారం నీచు ముట్టనివాళ్లు ఊళ్లో బోలెడుమంది ఉంటారు. ఈయన వారంలో ఏడు రోజులూ మౌసు ముట్టరు. కంప్యూటరుతో ఏ పని పడినా నల్ల తెర ఒకటి తెరిచి, అక్షరం తర్వాత అక్షరం టైపు చేసే చేయించుకుంటారు. కంప్యూటరుతో పాటు వచ్చిన మౌసును తోక పట్టుకుని గోడ మేకుకు తగిలించారు. అదే మేకుకు పోయినేడాది క్యాలెండరు కూడా వేలాడుతోంది.

అమీర్‌పేటలో జావా నేర్పే సంస్థకూ ఆడపిల్లల హాస్టలుకూ మధ్య ఇరుక్కున్న రెండో అంతస్తు గది ఆయన దుకాణం. పాతికేళ్ల కిందట ఆ వీధిలోనే కంప్యూటరు పాఠాలు చెప్పిన మనిషి. వీధిలో కోర్సులు మారాయి, బోర్డులు మారాయి, కరపత్రాలు పంచేవాళ్లు మారారు. వీర్రాజు గారి తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. ఇప్పుడు 'మిడి ఫైళ్లు వినిపించబడును, మార్చబడును' అని బోర్డు పెట్టుకున్నారు. మిడి అంటే ఏమిటని మెట్లెక్కి అడిగినవాళ్లు అరగంట దాకా కిందికి దిగిరారని హాస్టల్ వాచ్‌మన్ చెబుతాడు.

ఆ నల్ల తెరకు పని చెప్పే పద్ధతి ఒకటుంది. ముందు పని పేరు రాయాలి. తర్వాత ఒక డాష్ పెట్టి, దాని పక్కన ఒక అక్షరంతో ఆ పని ఎలా చేయాలో చెప్పాలి. పాతికేళ్లుగా అలా చెప్పీ చెప్పీ ఆయనకు మనుషులతోనూ అదే అలవాటైపోయింది.

"టీ ఒకటి. డాష్ చక్కెర సగం. డాష్ గాజు గ్లాసు."

"డాష్ అంటే ఏంది సార్? బిస్కటా?" అని టీ కొట్టు అతను మొదట్లో అడిగేవాడు. ఆయన చెప్పిన జవాబు అతనికి అర్థం కాలేదు. ఇప్పుడు అడగడం మానేసి, రెండుసార్లు డాష్ అన్నారు కదా అని టీతో పాటు రెండు బిస్కెట్లు పెట్టేస్తున్నాడు.

ఆటో ఎక్కినా అంతే. "పంజాగుట్ట. డాష్ ఫ్లైఓవర్ ఎక్కకుండా."

"డాష్ గీష్ ఏం కాదు సార్, పదిహేనేండ్ల సంది నడుపుతున్న, ఎవ్వల్ని తాకలే!" అని ఆటోవాలా పంజాగుట్ట చౌరస్తా దాకా అలిగి కూర్చున్నాడు.

ఇలాంటి మనిషి చేతిలో పడ్డాడు సురేందర్. యూసుఫ్‌గూడలో ఉంటాడు, హనుమాండ్లు ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాడు. పాటకు వెనక వాద్యాలన్నీ తన కీబోర్డులోనే ముందుగా కట్టి పెన్‌డ్రైవ్‌లో దాస్తాడు. స్టేజి మీద ఫోను నుంచి ఆ ట్రాక్ మోగుతుంటే గాయని పాడుతుంది, నడుమ నడుమ అతను కీబోర్డు వాయిస్తాడు. కట్టడం వరకు బాగానే ఉంది, దాచింది ఫోనులో పలకలేదు. ఎవరో అమీర్‌పేట దారి చూపించారు.

"కీబోర్డుల పాట చేసిన సార్. ఫోన్ల పలుకుతలేదు."

"ఎలా పలుకుతుందండీ? అందులో పాట ఉంటే కదా!"

"పోయిందా సార్?"

"పోవడానికి ఎప్పుడుందండీ? మిడి ఫైల్లో శబ్దం ఉండదు. ఏ మెట్టు ఎప్పుడు నొక్కాలి, ఎంత గట్టిగా నొక్కాలి, ఎంతసేపు నొక్కాలి, ఆ రాత ఒక్కటే ఉంటుంది. పెళ్లి వంటల జాబితా లాంటిదన్నమాట. జాబితా నమిలితే కడుపు నిండుతుందా?"

"నిండదు సార్."

"వంటవాడు కావాలి. నా ప్రోగ్రామే ఆ వంటవాడు. జాబితా చదివి, వండి, ఫోనులో పలికే పాటగా మార్చి పెడుతుంది. కూచోండి. డాష్ నిశ్శబ్దంగా."

సురేందర్ కూర్చున్నాడు. ఆయన టైపు చేశారు. తెర మీద తెల్లక్షరాలు చీమల బారులా పాకాయి. ఎంటర్ కొట్టగానే గదంతా పాట మోగింది. సురేందర్‌కు పాట అర్థమైంది గానీ చీమలు అర్థం కాలేదు. రెండోసారి వచ్చినప్పుడూ కాలేదు. మూడోసారి ధైర్యం చేసి అడిగేశాడు.

"ఒక్క బటన్ నొక్కితే అయ్యే పనే గద సార్ ఇది?"

"అవుతుందండి. చక్కగా అవుతుంది. అందుకే నేను చేయను."

ఈ మాట సురేందర్ మెట్లు దిగి మెట్రో స్టేషన్ దాకా ఆలోచించాడు. తేలలేదు.

ఆర్కెస్ట్రాలో పెద్ద గాయని భూలక్ష్మి. ముప్పై ఏళ్లుగా ఫంక్షన్లలో పాడుతోంది. ట్రాక్ తయారయ్యేటప్పుడు ఆమె కూడా అమీర్‌పేట వచ్చి వీర్రాజు గారి పక్క కుర్చీలో కూర్చునేది. కళ్లద్దాలు పెట్టుకుని ఆ నల్ల తెరను భక్తిగా చూసేది.

"సార్ ఏం రాస్తడో ఏమో గాని తమ్మీ, చూస్తుంటె పూజ చేసినట్టె ఉంటది."

అంత భక్తిగల మనిషికి పోయిన నెల ఎర్రగడ్డ ప్రోగ్రాంలో కష్టమొచ్చింది. చరణంలో అన్నిటికన్నా పైమెట్టు దగ్గర గొంతు చీరింది. ఆమె మైకు వైపు గుర్రుగా చూసి తప్పంతా దాని మీదకు నెట్టింది. జనం నమ్మారు, హనుమాండ్లు నమ్మలేదు. సురేందర్‌ను పక్కకు పిలిచాడు.

"ఆదివారం పంజాగుట్ట ఫంక్షన్ హాల్ల ప్రోగ్రాం ఉన్నది గద. మళ్ల గదే పాట అడిగిండ్రు. గీసారి సుత గొంతు పగిలితే, వచ్చే నెల సంది గా కొత్త పిల్ల ధాత్రితోని పాడిస్త. అక్కకు శాలువ కప్పి ఇంటికి పంపుదం."

"అన్నా, ముప్పై ఏండ్లు..."

"శాలువ మంచిదే కొంటలే."

సురేందర్‌కు నిద్ర పట్టలేదు. కీబోర్డు వాడికి తట్టే మందు ఒక్కటే, స్కేలు దించడం. పాటంతా రెండు మెట్లు కిందికి జరిపితే పైమెట్టు కూడా దిగి గొంతుకు అందుతుంది. మర్నాడు మెల్లగా కదిపాడు.

"అక్కా, జర రెండు మెట్లు దించుదమా?"

భూలక్ష్మి అతన్ని ఎగాదిగా చూసింది. "ఎవనికి దించుతవ్? నాకా? ముప్పై ఏండ్ల సంది గదే స్కేల్ల పాడ్తున్న. స్కేలు దించిన్నాడు నేను స్టేజి దిగుత. పో, పోయి ట్రాక్ చెయ్యి!"

రెండు రోజులు మాట్లాడలేదు కూడా. సురేందర్ నోరు మూసుకుని పాత స్కేలులోనే ట్రాక్ కట్టాడు. బుధవారం వీర్రాజు గారు టైపు చేశారు, భూలక్ష్మి కళ్లద్దాలు పెట్టుకుని చూసింది, పాట ఫోనులోకి వచ్చింది.

గురువారం రిహార్సల్. ట్రాక్ మొదలైంది. సురేందర్ కీబోర్డు మీద వేళ్లు వేశాడు. రెండు సిటీ బస్సులు ఎదురెదురుగా ఆగి హారన్లు కొట్టుకున్నట్టయింది. హనుమాండ్లు చెవులు మూసుకున్నాడు. సురేందర్ చేతులు తీసేశాడు. ట్రాక్ సాగుతూనే ఉంది, భూలక్ష్మి పాడుతూనే ఉంది. ఆమె గొంతు పైమెట్టు ఎక్కి, అక్కడ కాసేపు కూర్చుని, తీరిగ్గా దిగివచ్చింది.

"అక్క మస్తు పాడింది," అన్నాడు హనుమాండ్లు. "నీకేమైందిరా?"

"ట్రాకే రెండు మెట్లు కిందున్నదన్నా!"

"కిందున్నదా?" భూలక్ష్మి నడుము మీద చేతులు పెట్టుకుంది. "మరి నేను పాడింది ఏంది? నా స్కేలు నా గొంతుకు తెల్వదా? నీ డబ్బా చూపించుకో ఫస్టు."

సురేందర్ అందరి ముందే వీర్రాజు గారికి ఫోను కలిపి స్పీకరులో పెట్టాడు.

"సార్, మీ ప్రోగ్రాం ఏమన్న శ్రుతి మార్చిందా?"

"ప్రోగ్రాం తనంతట తాను ఏదీ మార్చదండి. చెప్పింది చేస్తుందంతే. ఉంటానండి. డాష్ పనిలో ఉన్నాను."

"విన్నవా?" అంది భూలక్ష్మి.

సురేందర్ కీబోర్డును రిపేరుకు మోసుకెళ్లాడు. రిపేరు చేసేవాడు విప్పి, చూసి, మూసి, "దీనికేం రోగం లేదు భాయ్," అన్నాడు. శుక్రవారం సోమాజిగూడలో చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లాడు. గాజు గదిలో కూర్చోబెట్టి కుయ్యి కుయ్యిమనిపించి, "మీ చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయండి, అసలెందుకొచ్చారు?" అన్నాడు డాక్టరు. సురేందర్ బయటికొచ్చి ఫుట్‌పాత్ మీద నిలబడి లెక్క కట్టాడు. కీబోర్డు మంచిదే. చెవులు మంచివే. ప్రోగ్రాం తనంతట తాను ఏమీ చేయదు. భూలక్ష్మక్క గొంతు తప్పు పోదు. అందరూ కరెక్టే. మరి ఆ బస్సులు ఎక్కడివి?

శనివారం పొద్దున్నే అమీర్‌పేట మెట్లెక్కాడు.

"సార్, మొన్న మీరు రాసిన లైను ఒక్కసారి చూపియ్యండి."

"అది... చెరిగిపోయి ఉంటుందండి." వీర్రాజు గారు కీబోర్డుకు అడ్డంగా జరిగారు.

ఇన్నిసార్లు పక్కన కూర్చున్నందుకు సురేందర్‌కు ఒక్క ముక్క మాత్రం వంటబట్టింది. పైకి చూసే బాణం మీట నొక్కితే పాత లైన్లు ఒక్కొక్కటిగా తిరిగొస్తాయి. ఆయన భుజం మీదుగా చెయ్యి చాపి నొక్కాడు. నాలుగో నొక్కుకు తన పాట పేరు వచ్చింది. దాని చివర ఒక డాష్, పెద్ద 'కె', మళ్లీ డాష్, రెండు.

"గీ పెద్ద కె ఏంది సార్? మైనస్ రెండు ఏంది?"

"అది దుమ్ము పోవడానికండి."

"దుమ్మా? ఏడ ఉంది?"

"పాటలో."

సురేందర్ ఆయన్నే చూస్తూ బాణం నొక్కుతూ పోయాడు. మరో పాట, 'కె' మైనస్ ఒకటి. ఇంకో పాట, 'టి' తొంభై.

"ఈ టి ఏంది?"

"వేగమండి. నూటికి తొంభై." వీర్రాజు గారు ఇక దాచలేకపోయారు. "డాన్సు నేర్పే హైమవతి గారి పాట. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. నెమ్మది చేయించుకోండి అంటే చేయించుకోరు. ఈ వయసులోనూ పాత వేగం తగ్గలేదని అందరికీ చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి, మనకేం పోయింది? ఆ మైనస్ ఒకటి భజన మండలి కామరాజు గారిది."

"మరి మా అక్కది? దించొద్దన్నది గద! ఆమె పక్కన్నె కూసున్నది గద సార్!"

"కూర్చున్నారండి. కళ్లద్దాలు పెట్టుకుని చూశారు కూడా." ఆయన గొంతు తగ్గించారు. "మౌసుతో చేసే ప్రోగ్రాముల్లో 'శ్రుతి' అని పెద్దగా రాసి ఒక గీత ఉంటుందండి. దాన్ని కిందికి లాగితే పక్కన కూర్చున్న మనిషికి కనబడిపోతుంది. తన కళ్ల ముందే తనని దించినట్టుంటుంది. ఇక్కడైతే ఏముంది, ఒక్క అక్షరం. ఎవరికీ తెలీదు."

సురేందర్ మేకుకు వేలాడే మౌసు వైపు చూశాడు, ఆయన వైపు చూశాడు.

"ఆమె గొంతు సంగతి మీకెట్ల తెలిసింది సార్? మీరు ప్రోగ్రాంకే రాలే!"

"ఇక్కడ కూనిరాగం తీస్తూ పైమెట్టు దగ్గరికొచ్చేసరికి దగ్గారండి. పాట మూడుసార్లు పెట్టాను. మూడుసార్లూ అక్కడే దగ్గారు. దగ్గు అంత తాళంలో రాదు కదండీ!"

"నా సంగతి ఏంది సార్? చెవుల డాక్టరు తానికి పోయొచ్చిన నేను!"

వీర్రాజు గారు నిజంగా సిగ్గుపడ్డారు. "ట్రాక్ మీద ఇంకో మనిషి కూడా వాయిస్తాడన్నది మర్చిపోయానండి. మనిషిని లెక్కలోకి తీసుకోలేదు. క్షమించాలి."

"నా కీబోర్డుకు సుత దించే బటన్ ఉన్నది లెండి. కని దించితే ముందర చిన్న అద్దంల మైనస్ రెండు అని ఎర్రగ వెలుగుతది. అక్క నా పక్కన్నె నిలబడ్తది. చూస్తే సచ్చిన."

వీర్రాజు గారు తన కీబోర్డు మీటలన్నీ ఒకసారి వెతికారు. ఆయన దగ్గర దానికి ఏ అక్షరమూ లేదు.

ఆదివారం పంజాగుట్ట ఫంక్షన్ హాలు కిక్కిరిసింది. ముందు వరసలో హనుమాండ్లు చేతులు కట్టుకుని భూలక్ష్మి గొంతు మీదే చూపు పెట్టుకుని కూర్చున్నాడు. వెనక వరసలో వీర్రాజు గారు, కొత్తగా ఇస్త్రీ చేసిన చొక్కాలో, పరీక్ష రాయబోయే పిల్లాడిలా ఉన్నారు. స్టేజి మీద సురేందర్ బటన్ నొక్కాడు. చిన్న అద్దంలో మైనస్ రెండు ఎర్రగా వెలిగింది. అరచెయ్యి దాని మీద కప్పేశాడు. అరచెయ్యి కప్పి వాయించడం ఎలాగో తెలియక బిగుసుకుపోయాడు. భూలక్ష్మి మెట్లెక్కి వస్తోంది.

"అక్కా!" అన్నాడు ఉన్నట్టుండి. "నీ తాన బొట్టుబిళ్లలు ఉన్నయా?"

"ఎందుకు?"

"కీబోర్డుకు పెడ్త. మొన్న అంత లొల్లి చేసింది గద, దిష్టి తగిలినట్టున్నది."

భూలక్ష్మి మొహం మొదటిసారి మెత్తబడింది. "గిప్పటికి బుద్ధొచ్చింది," అని పర్సులోంచి అట్ట తీసి, అన్నిట్లోకి పెద్ద ఎర్రబిళ్ల ఏరి ఇచ్చింది. సురేందర్ కళ్లకద్దుకుని దాన్ని అద్దం మీద అంటించాడు. ఇంకా ఓ మూల వెలుతురు కనబడుతోంది. "ఇంకొకటి ఇయ్యరాదక్కా."

ట్రాక్ మొదలైంది. కీబోర్డు దానితో కలిసింది. చరణం వచ్చింది. భూలక్ష్మి కళ్లు మూసుకుని పైమెట్టు ఎక్కింది. గొంతు పగల్లేదు, వణకలేదు. అక్కడి నుంచి దిగడం ఇష్టం లేనట్టు ఇంకాసేపు నిలబడింది. హాలు చప్పట్లతో లేచింది. హనుమాండ్లు కట్టుకున్న చేతులు విప్పి అందరికన్నా గట్టిగా కొట్టాడు.

పాట అయ్యాక అతను స్టేజి ఎక్కొచ్చి, "అక్కా, వచ్చే నెల మూడు ప్రోగ్రాంలు ఉన్నయి, డేట్లు రాసుకో," అన్నాడు.

భూలక్ష్మి డేట్లు రాసుకుని, నలుగురూ వినేలా సురేందర్ వైపు తిరిగింది. "విన్నవా తమ్మీ? దించుదమంటివి గద! ఎన్నడన్న దించమంటవా మళ్ల?"

"తప్పయిందక్కా. ఎన్నడు అన," అన్నాడు సురేందర్. వెనక వరసలో వీర్రాజు గారు ఇటే చూస్తూ తల ఊపుతున్నారు.

ఆమె నవ్వుకుంటూ మెట్లు దిగి వెళ్లేదాకా సురేందర్ కదల్లేదు. ఆ తర్వాత ముందు స్విచ్చి ఆపి, అప్పుడు బొట్టుబిళ్లలు తీశాడు.