నొక్కగానే వచ్చే కొత్త పన్ను

మా మనవరాలు మొయినాబాద్ దగ్గర పళ్ల డాక్టరు చదువు చదివే రోజుల్లో, నా నోట్లో నమలడానికి పనికొచ్చే దవడ పళ్లు ఒక్క జతే మిగిలాయి. కుడివైపు, పైనొకటి, కిందొకటి. ఆ కిందిది పుచ్చింది. అది కూడా పోతే జొన్నరొట్టెను పాలలో నానబెట్టుకుని మింగాల్సిందే.

"నేనే సిమెంట్ పెడత నాయినమ్మా, పైసలు గూడ అడగరు," అన్నది పిల్ల.

ఊరికే అయ్యే పని అంటే నాకూ ఇష్టమే. అయినా అడిగాను. "ఇప్పటిదాంక ఎంతమందికి పెట్టినవ్?"

"మనుషులకైతే ఇంక పెట్టలే. మిషన్ల శాన పెట్టిన."

ఆ మిషనేదో చూస్తే గాని నోరు తెరవనని చేవెళ్లలో బస్సెక్కి కాలేజీకి పోయాను. మా చుట్టుపక్కల పిల్లలంతా కంప్యూటర్ కోర్సులకు ఎగబడుతుంటే, మా పిల్లయినా చేతి పని నేర్చుకుంటోందని సంతోషపడ్డాను. తీరా చూస్తే అక్కడా కంప్యూటరే. పిల్ల నా కళ్లకు ఒక డబ్బా తగిలించింది. దర్వాజ అంత నోరు ముందుకొచ్చింది. ఆ నోట్లో ఉమ్మి లేదు, నాలుక కదలదు, మూలుగు లేదు. చేతికి పెన్ను లాంటిది ఇచ్చింది. పుచ్చిన చోట అది మెత్తగా దిగింది, మంచి పన్ను మీద గట్టిగా ఆగింది. ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి.

తర్వాత పిల్ల చేసి చూపించింది. పన్ను లోపలికి మరీ ఎక్కువ తొలిచింది. తెర మీద ఎర్రగా అయింది. అయ్యో అని కూడా అనకుండా ఒక మీట నొక్కింది. కొత్త పన్ను వచ్చి కూర్చుంది.

"గదేంది?"

"ఖరాబైతే నొక్కుతం. కొత్తది వస్తది."

"ఎన్నిసార్లు?"

"ఎన్నిసార్లైన."

నాకు ఒళ్లు మండింది. అరిగిన సబ్బు బిళ్లను కొత్త సబ్బుకు అతికించి వాడిన ఇల్లు మాది. "గట్ల నేర్చుకుంటె చేతికి భయమెట్ల వస్తది? నా నోట్ల గూడ ఒక మీట పెట్టు మరి!"

"భయం లేకుంట నేర్చుకోనీకే గిది పెట్టిన్రు నాయినమ్మా."

"నాకైతే భయమున్నది. మీట ముట్టకుంట వరుసగ పది పండ్లు చెయ్యి. అప్పుడు నా దగ్గరికి రా."

"మా సార్ గూడ గింత సతాయించడు!"

ఇక రోజూ సాయంత్రం ఇదే గొడవ. ఎన్ని అంటే ఆరు అనేది. ఏడోదానికి చెయ్యి జారిందట. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టమనేదాన్ని. ఐటీ కంపెనీ వాళ్లకు కారు నడిపే నా కొడుకు విసుక్కున్నాడు. "దవాఖానల పీకిచ్చుకోరాదే అమ్మా, పిల్లనెందుకు సతాయిస్తవ్?"

"పీకిచ్చుకుంటె రొట్టె నువ్వు నమిలి పెడతవారా?"

లవంగం పెట్టుకుని పెట్టుకుని చిగురు మండిపోయింది. పన్ను ఇక ఆగేలా లేదు. ఆ రోజు పిల్ల మొహం వేలాడేసుకుని వచ్చింది. "తొమ్మిదైనయ్. పదోదానికి మీట నొక్కిన."

పదీ అయ్యాయని అబద్ధం చెబితే నాకేం తెలిసేది? తెల్లారి దానితో పాటే బస్సెక్కాను.

నన్ను కుర్చీలో పడుకోబెట్టారు, వాళ్ల సార్ పక్కనే నిలబడ్డాడు. ఈ పిల్లకు పని కంటే ఆగడం ఎక్కువ. కొంచెం తొలవడం, ఆపడం, అద్దం పెట్టి చూడడం. "నొస్తున్నదా నాయినమ్మా?" నోటినిండా దూది కుక్కి అడిగితే ఎట్లా చెప్పను? చెయ్యి ఊపితే మళ్లీ ఆపింది. మధ్యాహ్నమయ్యేసరికి నా నడుము పడిపోయింది.

ఇంతా చేసి ఇంటికొచ్చి చూస్తే సిమెంటు ఎత్తుగా తగిలింది. మర్నాడు మళ్లీ బస్సు, మళ్లీ కుర్చీ. పిల్ల సిమెంటును ఇసుమంత అరగదీసేది, పళ్లు కలిపి కొరకమనేది, మళ్లీ అరగదీసేది. తిట్టడానికైనా నోరు ఖాళీ ఉండనివ్వలేదు.

ఆ సాయంత్రం కోడలు జొన్నరొట్టె పాలలో వెయ్యబోతే గిన్నె పక్కకు జరిపాను. మాడిన అంచు విరిచి, కుడివైపు పెట్టుకుని నమిలాను. పిల్ల తన అన్నం మానేసి నా దవడనే చూస్తూ కూర్చుంది.

"నా మొహం చూసుడు ఆపి తిను," అన్నాను. "సల్లారిపోతున్నది."