పెన్ను పట్టని చెయ్యి

తొంభైల చివర్లో ఒకసారి నా కుడిచెయ్యి రాయడం మానేసింది. అన్నం కలిపేది, గడ్డం గీసేది, బస్సులో కడ్డీ పట్టుకుని వేలాడేది, సూదిలో దారం కూడా ఎక్కించేది. పెన్ను పట్టుకుని కాగితం మీద పెడితే మాత్రం వేళ్లు కొక్కెంలా బిగుసుకుపోయేవి, మణికట్టు తనంతట తాను లోపలికి మెలితిరిగేది. మొదటి అక్షరం పూర్తయ్యేలోపే కాగితం చిరిగేది.

అప్పటికి నేను విశాఖ పోర్టు రోడ్డులో ఓ చిన్న క్లియరింగ్ ఏజెంటు దగ్గర గుమాస్తాని. ఓడల్లో వచ్చే సరుకుకి బిల్లులు రాయడం నా పని. బిల్లు కింద రెండు కార్బన్ కాగితాలు ఉండేవి. అట్టడుగు కాపీ కూడా కనబడాలంటే కాగితం మీద కాదు, కింది బల్ల మీద రాస్తున్నట్టు నొక్కాలి. పగలంతా అలా నొక్కి, సాయంత్రం ఇంటికొచ్చి అదే చేత్తో వ్యాసాలు రాసేవాణ్ని. మా హేతువాద చర్చామండలి ఓ చిన్న మాసపత్రిక నడిపేది. ముహూర్తాలు, దిష్టి నిమ్మకాయలు, వాస్తు గుమ్మాలు, వేటినీ వదిలిపెట్టలేదు నేను.

డాక్టరు చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, "చేతిలో ఏ లోపమూ లేదు. రాయడం అనే ఒక్క పనికి మెదడు పంపే కబురు గాడి తప్పింది. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు.

ఆఫీసువాళ్లు నన్ను బిల్లుల నుంచి తప్పించి ఓడ నుంచి సరుకు దించే చోట నిలబెట్టారు. ఉద్యోగం నిలిచింది. వ్యాసాలు ఆగిపోయాయి. సరిగ్గా అప్పుడే మా పత్రికలో ఒకాయన ఆయుధపూజను సమర్థిస్తూ రాశాడు. దానికి జవాబు నేను ఇవ్వాలి. ఇది రాయలేకపోతే ఇక ఎప్పటికీ రాయలేను అన్న భయం నన్ను పట్టుకుంది.

మా ఆవిడ అన్నయ్య దువ్వాడలో ఉండేవాడు. దేవుడంటే ప్రాణం, నాతో వాదమంటే అంతకన్నా ప్రాణం. ఆదివారం మా ఇంటికి రాగానే నా చెయ్యి వైపు చూసి మొదలుపెట్టాడు.

"పడవలకి కట్టిన నిమ్మకాయల్ని ఎక్కిరించి రాసేవు కదా బావా. అమ్మోరు ఊరుకుంటాదేటి? రాసిన సెయ్యే లాక్కుంది."

"నా వ్యాసం అమ్మవారికి ఎవరు చదివి వినిపించారు బావా? నువ్వేనా?"

"నవ్వు, నవ్వు. నోరింకా మిగిల్చింది కదా."

నోరు మిగిలింది కాబట్టి నోటితోనే ప్రయత్నించాను. నేను చెబుతుంటే మా ఆవిడ రాసింది. ఒక పేజీ అయ్యాక చదివి వినిపించి పెన్ను కింద పెట్టేసింది. "ఇది వ్యాసంలా లేదండీ. మైకు ముందు అరిచినట్టుంది. మధ్యమధ్యలో చప్పట్ల కోసం ఆగుతున్నారు కూడా."

నిజమే. మాట్లాడేటప్పుడు నాకు ఎదుటి మనిషి కనబడతాడు, వాణ్ని ఓడించాలనిపిస్తుంది. రాసేటప్పుడు నా వాక్యం నాకే కనబడుతుంది, అది నన్ను నిలదీస్తుంది. ఆలోచన తలలో పుడుతుందనీ, చెయ్యి దానికి ఉత్త కూలీ అనీ అంతవరకు నమ్మాను. కూలీ పనిలోకి రాకపోయేసరికి యజమానికి ఆలోచనే రాలేదు.

జాలరిపేట వైపు వెళ్లే దారిలో ఓ డీటీపీ షాపు ఉండేది. దాన్ని నడిపే అమ్మాయి అక్కడి వేట కుటుంబంలోనే పుట్టింది. వాళ్ల నాన్న పడవ మీద వేటకి వెళ్లేవాడు, అమ్మ చేపలమ్మేది. పెళ్లికార్డులు, అమ్మవారి పండగ కరపత్రాలు, దేవుడు లేడని నేను రాసే వ్యాసాలు, అన్నీ ఒకే హుషారుతో కంప్యూటర్లో కొట్టి పెట్టేది. ఈ నెల వ్యాసం లేదని చెప్పడానికి వెళ్లి చెయ్యి చూపించాను.

"ఇలా కూకోండి మేస్టారూ," అంటూ తన కుర్చీ నాకిచ్చి, మౌసుని నా అరచేతి కిందకి తోసింది. "ఇది పట్టుకోండి."

"దీనికీ బిగుసుకుపోతే?"

"పోతే పోద్ది. కరవదు కదా."

తెర మీద బొమ్మలు గీసే తెల్లటి పేజీ తెరిచింది. బటన్ నొక్కి పట్టుకుని 'అ' గీశాను. వంకరటింకరగా, బళ్లో వేసిన మొదటి రోజు పిల్లాడు పలక మీద దిద్దినట్టు వచ్చింది. కానీ వచ్చింది. వేలు బిగియలేదు, మణికట్టు తిరగలేదు. పక్కనే 'ఆ' గీశాను. చెయ్యి అదే, అక్షరం అదే, గీయమని చెప్పే మెదడూ అదే. చేతిలోని వస్తువు మారేసరికి ఆ బిగింపు రాలేదు. నా సొంత చేతిని కొత్త మనిషిని చూసినట్టు చూస్తూ ఉండిపోయాను. ఒంటికి అంటుకుని ఇన్నేళ్లుగా ఉన్న దాని గురించి నాకింత తక్కువ తెలుసా!

"ఏడుత్తన్నారేటి మేస్టారూ?"

"లేదమ్మా. ఫ్యాను గాలి."

మౌసుతో వ్యాసం గీయలేం కాబట్టి కీబోర్డు దగ్గరికి వెళ్లాను. ఇంగ్లీషు అక్షరాల బటన్లు. ఏ బటన్ నొక్కితే ఏ తెలుగు ముక్క వస్తుందో అట్ట మీద రాసి గోడకి అంటించి ఉండేది. అవును, ముక్కలే. తలకట్టుకి ఒక బటన్, గుడికి ఒకటి, కొమ్ముకి ఒకటి, ఒత్తులకి వేరే. 'స్త్రీ' అని పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఒకే ఊపులో రాస్తున్నాను. అందులో స ఎక్కడుందో, త ఒత్తు ఎక్కడ వేలాడుతోందో, ర ఒత్తు దాన్ని ఎలా చుట్టుకుందో ఆ షాపులోనే మొదటిసారి చూశాను. నా భాషని ఎవరో నా కళ్లముందు విప్పి, ముక్కలు వరసగా పేర్చి, మళ్లీ కట్టుకోమన్నట్టుంది.

అలవాటు కొద్దీ బటన్లని గుద్దేవాణ్ని.

"మెల్లగా మేస్టారూ! కింద కార్బను లేదు."

ఆ మాటకి చెయ్యి ఆగిపోయింది. కోపమొస్తే అక్షరాన్ని నొక్కి రాయడం, కింద రెండు గీతలు గీయడం నా పద్ధతి. ఇక్కడ ఎంత గుద్దినా అక్షరం ముదరదు. మెల్లగా తాకినా అంతే నలుపు. ఇకనుంచి నా కోపమంతా మాటలోనే ఉండాలి, చేతి బరువులో కాదు. పని అయ్యాక రోజూ వెళ్లేవాణ్ని. కొన్నాళ్లకి అట్ట వైపు చూడటం తగ్గింది. ఇంకొన్నాళ్లకి, ఫలానా ఒత్తు ఏ బటన్ అని అడిగితే నేను చెప్పలేను గానీ నా వేలు వెళ్లి దాని మీద వాలేది. నాకు తెలియనిది వేలికి తెలిసింది. ఎప్పుడు నేర్చుకుందో అదీ తెలియదు.

జవాబు సగం పైగా అయ్యాక దసరా వచ్చింది. పత్రికకి మరునాడే ఇవ్వాలి. షాపుకెళితే కీబోర్డు మీద బంతిపూల దండ, కంప్యూటరుకి విభూతి రేఖలు, మౌసుకి పసుపు పూసి నడుమ ఎర్రటి కుంకుమ బొట్టు.

"ఈయేల ముట్టకూడదు మేస్టారూ."

"నేను రాస్తున్నదే దీని మీద!"

"అందుకే మరి, ముట్టకూడదు. పండక్కి మా నాన్న పడవే కదల్లేదు. దీనికి మాత్రం సెలవొద్దేటి?"

చాలాసేపు వాదించాను. ఆమె నవ్వుతూ కొబ్బరిముక్క చేతిలో పెట్టి పంపేసింది.

తెల్లారి షాపు తెరిచేసరికి నేను గుమ్మంలో ఉన్నాను. దండ తీసేసి కంప్యూటరు ఆన్ చేసింది. తెర వెలిగింది, మౌసు పనిచెయ్యలేదు. ఎంత ఊపినా బాణం ఒకేచోట వణుకుతోంది. తిరగేసి చూస్తే తెలిసింది. ఆమె బొట్టు పైనే పెట్టి ఊరుకోలేదు. ఆ రోజుల్లో మౌసు అడుగున ఓ రబ్బరు గుండు తిరిగేది; అది కూడా పనిముట్టే కదా అని దానికీ తడి పసుపు, కుంకుమ దట్టించింది. అది లోపలికెళ్లి ఎండిపోయింది.

"సంవత్సరమంతా తిరిగేది అదే కదా, దానికెట్టకపోతే ఎలా అనుకున్నాను," అంది బిక్కమొహం వేసి.

నవ్వాలనుకున్నాను. వ్యాసానికి ఇంతకన్నా గొప్ప ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది? కానీ అడుగు మూత తిప్పి గుండు బయటికి తీశాక నవ్వు మర్చిపోయాను. ఆ గుంటలో రెండు సన్నటి కడ్డీలు. ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. అంతే. ఏ చెయ్యి ఎటు కదిలినా, వంపులు తిప్పినా, సున్నాలు చుట్టినా, ఆ కదలికంతా అడ్డంగా ఇంత, నిలువుగా ఇంత అని రెండుగా విడిపోయి, తెర మీద మళ్లీ ఒకటవుతోంది. నా 'అ' ఈ రెండు కడ్డీల మీదుగానే వెళ్లింది. పెన్ను పట్టలేని ఆ వేళ్లతోనే కడ్డీల మీద పట్టిన పసుపుని గోటితో గీకి, దూదితో తుడిచాను. గుండు కడిగి, ఆరబెట్టి, లోపల పెట్టి మూత బిగించాను. బాణం పరుగెత్తింది.

మధ్యాహ్నానికి వ్యాసం పూర్తయింది. పూజ చేసేవాళ్లని వెక్కిరించే పేరా తీసేసి, చివర ఇలా కొట్టాను: పనిముట్టుకి బొట్టు పెట్టే ముందు ఒకసారి విప్పి చూడండి.

ఆమె తెర మీద చదివింది. "విప్పి సూసేక కూడా దండం పెట్టాలనిపిత్తే?"

"పెట్టుకో. కుంకుమ మాత్రం పైనే."

పత్రిక వచ్చాక బావకి చూపించడానికి దువ్వాడ వెళ్లాను. మా ఇంటికి నాతో బయల్దేరి, రైలు కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చుని మొత్తం చదివాడు. "నువ్వే రాసేవు. ఈ పొగరు ఇంకెవరికుంటాది," అన్నాడు. "అయితే సెయ్యి కుదిరిపోయిందేటి?"

అతని జేబులోంచి పెన్ను తీసి పత్రిక అంచున పెట్టాను. వేళ్లు కొక్కెమయ్యాయి, మణికట్టు మెలితిరిగింది. ఇద్దరం దాన్నే చూశాం. షాపులో కీబోర్డు నేర్చుకున్న సంగతీ, దసరా పూజ సంగతీ చెప్పాను.

"మరి అమ్మవారికి పెన్ను సంగతే తెలుసా బావా? కీబోర్డు సంగతి తెలీదా?" అన్నాను.

"పూజ సేసిన షాపులోనే కదా తిరిగొచ్చింది," అన్నాడు గానీ, గొంతులో వాదం లేదు. నా చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని, తిరగేసి మరగేసి చూశాడు. "ఏటి బావా ఇది? ఇక్కడ రాదు, అక్కడొత్తది. ఎలాగ?"

"తెలీదు."

"తెలీదని ఒప్పుకుంటన్నావా?"

"తెలీదన్నాను. దేవుడన్లేదు."

పెద్దగా నవ్వాడు. రైలు వచ్చింది, ఇద్దరం ఎక్కాం. కిటికీ పక్కన కూర్చున్నాను. కాసేపటికి బావ నా మోకాలి వైపు చూపించాడు. దాని మీద నా వేళ్లు వాటంతట అవే టకటకమని కొడుతున్నాయి.

"ఏటి రాత్తన్నావు?"

"నువ్వన్నదే. ఇక్కడ రాదు, అక్కడొస్తుంది, ఎలాగ అని."